ఆంగ్లభాషణమున తెలుగు విద్యార్థి తడబాటు: మాతృభాషా నియమముల దృష్టితో ఒక పరిశీలన

ఆంగ్లమును పది పండ్రెండు సంవత్సరములు చదివి, వ్రాతపరీక్షలలో ఉత్తీర్ణుడై, ఆంగ్ల గ్రంథములను తనంత చదివి గ్రహింపగలిగిన తెలుగు విద్యార్థి, అపరిచితుడొకడు ఆ భాషలో ప్రశ్నించినప్పుడు నాలుగు వాక్యములు తడబడక పలుకలేకుండుట మన కళాశాలలలో నిత్యము కనబడు విషయము. దీనికి సాధారణముగా మూడు కారణములు చెప్పుదురు. విద్యార్థికి వ్యాకరణము రాదందురు, ధైర్యము లేదందురు, తెలుగు మాధ్యమమున చదివినాడందురు. ఈ మూడింటను కొంత సత్యము లేకపోలేదు. కాని విద్యార్థి చేయు తప్పు ఆ రూపముననే ఏల ఉన్నదో వీనిలో ఏదియు చెప్పజాలదు. వ్యాకరణము రానివాడు 'ఎగ్' అనుటకు బదులు 'యెగ్' అనియే ఏల అనవలెను? ధైర్యము లేనివాడు 'బస్' అను మాట చివర ఉకారమునే ఏల చేర్చవలెను? ఈ తప్పులు యాదృచ్ఛికములు కావు. అవి తెలుగు వ్యాకరణ నియమములకు లోబడి నడచుచున్నవి. ఆ నియమముల నెరిగినవాడే వానిని సులభముగా సవరింపగలడు. కావున ఆంగ్లభాషణ బోధనము ఆంగ్లశాఖకు మాత్రమే చెందిన పని కాదనియు, అందు తెలుగు శాఖకును బాధ్యత కలదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

1. పూర్వరంగము

ఈ ప్రశ్నకు హైదరాబాదు నగరముతో ప్రత్యేక సంబంధము కలదు. 1918లో ఉర్దూ బోధనభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు, ఆంగ్లమును విధిగా చదువవలసిన భాషగా ఉంచిరి. 1958లో ఆంగ్లబోధనమును మెరుగుపరచుటకై సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఈ నగరముననే వెలసినది. అది 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల విద్యార్థులకు తెలుగున శాస్త్రగ్రంథములను సమకూర్చసాగెను. తెలుగున శాస్త్రములు చదివిన విద్యార్థులు ఉద్యోగములకై జరుగు మౌఖిక పరీక్షలలో ఆంగ్లమును ఎదుర్కొనవలసి వచ్చినప్పుడు, చదివిన విషయము తెలిసియు చెప్పలేని స్థితి ఏర్పడినది.

ఇటీవలి మార్పులును గమనింపదగినవి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమమును విధించుచు ఉత్తర్వులిచ్చెను. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వానిని కొట్టివేసెను. తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లము గల ద్విభాషా పాఠ్యపుస్తకముల నిచ్చినది. మాధ్యమమును గూర్చిన వాదము ఇచట ప్రస్తుతము కాదు. అందు ఏ పక్షము నెగ్గినను, తరగతిలో కూర్చున్న బాలుని చెవియు నాలుకయు తెలుగునకు అలవడినవే. ఈ సంగతిని గమనింపనిచో పుస్తకము మారును గాని పలుకు మారదు.

2. ధ్వనులు: ఒకే తరగతిలో రెండు విధములైన తప్పులు

సైదాబాదు వంటి ప్రాంతమున ఈ విషయము చక్కగా బోధపడును. ఇచటి తరగతులలో తెలుగు మాతృభాషగా గల విద్యార్థియు, దక్కనీ ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థియు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. ఉపాధ్యాయుడొకడే, పాఠ్యపుస్తకమొకటే, తప్పులు మాత్రము వేరు.

దక్కనీ మాట్లాడువాడు 'స్కూల్' అనుటకు 'ఇస్కూల్' అనియు, 'స్టేషన్' అనుటకు 'ఇస్టేషన్' అనియు పలుకుట కలదు. పదాదిని సకారముతో కూడిన సంయుక్తాక్షరము అతని నాలుకకు ఇంపు కాదు. తెలుగువాడు స్నానము, స్తంభము, స్త్రీ మొదలగు తత్సమములను పలికి అలవాటుపడుటచే, ఆ మాట మొదట తడబడడు. చివర అచ్చును చేర్చి 'స్కూలు' అనును. చదువు అంతగా లేని తెలంగాణ గ్రామీణుల నోట 'ఇస్కూలు' అను రూపమును వినబడును. అందు ఆదిని ఇకారమును, అంతమున ఉకారమును రెండును కలవు. ఇక ఫకార జకారముల విషయమున దక్కనీవానికి మేలుచేయి. పెదవిని పంటితో తాకించి పలుకు ఆంగ్ల ఫకారమును, 'జూ', 'జీరో' అను మాటలందలి ఊష్మధ్వనియు అతని మాతృభాషలో కలవు. తెలుగువాడు 'కాఫీ'ని 'కాపీ'గను, ఆ ఊష్మధ్వనిని తన జకారముగను మార్చుకొనును.

తెలుగు అజంతభాష అను లక్షణము అందరెరిగినదే. అది ఎరువు మాటలయందు ఎట్లు పనిచేయునో చూడుడు. హ్రస్వాచ్చు గల ఏకాక్షరపదమైనచో చివరి హల్లు ద్విత్వమై ఉకారము చేరును: బస్సు, పెన్ను, బుక్కు. దీర్ఘమున్నచో ద్విత్వము లేక ఉకారము మాత్రము చేరును: కారు, రైలు, స్కూలు. చివర చకార జకారములున్నచో ఉకారమునకు బదులు ఇకారము వచ్చును: బెంచీ, పేజీ, కాలేజీ. ఈ నియమములను ఎవరును పాఠశాలలో నేర్పలేదు. అయినను నిరక్షరాస్యుడు సైతము వానిని తప్పక పాటించును. ఇంత క్రమబద్ధమైన అలవాటును 'అశ్రద్ధ' యని నిందించుట న్యాయము కాదు.

పదాదియందును ఇట్టి నియమమే కలదు. యకారమును, వు వూ వొ వో లును తెలుగు మాటల మొదట లేవని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున విధించెను. వ్రాతలో అట్లు నిషేధింపవలసి వచ్చుటయే వాడుకలో ఆ ధ్వనులు వినబడుచుండెననుటకు సూచన. నేటికిని 'ఎక్కడ' యనునది 'యెక్కడ'గను, 'ఒకటి' యనునది 'వొకటి'గను పలుకబడుచున్నవి. ఆ నాలుకయే 'ఎగ్'ను 'యెగ్' అనియు, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనియు పలుకును. తెలుగు పండితునికి ఈ తప్పు మూలము క్షణములో బోధపడును. తెలుగు ఎరుగని ఆంగ్లాచార్యునికి అది వింతగా తోచును.

లిపియు కొన్ని భేదములను మరుగుపరచును. పశువైద్యుడను అర్థమున ఆంగ్లేయులు వాడు మాటయు, తడిసినదను అర్థముగల మాటయు వారి నోట వేరువేరు. మనమా రెంటిని 'వెట్' అనియే వ్రాయవలెను. మంచమను అర్థముగల మాటయు, పట్టెను అను అర్థముగల మాటయు రెండును మనకు 'కాట్' అగును. తెలుగు అక్షరములలో ఆంగ్లపదములను వ్రాసికొని వల్లించు విద్యార్థి ఈ భేదములను ఎన్నడును వినజాలడు.

ఇది తెలుగువాని లోపమని భావింపకుండుటకు వియత్నాము విద్యార్థిని పోల్చి చూచుట మేలు. వియత్నామీయము ఆరు స్వరభేదములు గల భాష. దాని పదము చివర ప, త, క వంటి కొన్ని స్పర్శములును, అనునాసికములును ఉండును గాని సకారము ఉండదు. కావున ఆ దేశపు విద్యార్థి ఆంగ్లపదాంత సకారమును తరచుగా విడిచిపెట్టును. బహువచన చిహ్నమును ఆ సకారమే యగుటచే, అతడు ఏకవచనము పలికెనో బహువచనము పలికెనో వినువారికి తెలియదు. అతని భాషలో నామమునకు బహువచన ప్రత్యయము కాని, క్రియకు కాలప్రత్యయము కాని లేకుండుటచే ఈ చిక్కు ఇనుమడించును. పదాంతమున చిక్కు వచ్చినప్పుడు తెలుగువాడు అచ్చును చేర్చును. వియత్నామీయుడు హల్లును విడుచును. ఇరువురికి ఒకే పాఠము చెప్పుట ఒకే ఔషధమును రెండు వ్యాధులకు ఇచ్చుట వంటిది.

3. ఊనిక: ఛందస్సు నేర్పిన చెవి

ధ్వనులకంటె ముఖ్యమైనది పదమునందలి ఊనిక. తెలుగున ఒక పదమునందలి ఏ అక్షరమును ఊని పలికినను అర్థము మారదు. మన చెవి కాలమును లెక్కించును. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అను భావము మన పద్యమునందే కాక పలుకునందును నిండియున్నది. ఆంగ్లమున అట్లు కాదు. అందు ఒక అక్షరము ఉచ్చమై, తక్కినవి క్షీణించును. క్షీణించిన అక్షరములందలి అచ్చులు తమ స్వరూపమును కోల్పోయి అస్ఫుటమగును.

'ఫోటోగ్రాఫ్' అను మాటలో ఊనిక మొదటి అక్షరముపై నున్నది. 'ఫోటోగ్రఫీ' యనునప్పుడు అది రెండవ అక్షరమునకు జరుగును. 'ఫోటోగ్రాఫిక్' అనునప్పుడు మూడవదానికి పోవును. తెలుగు విద్యార్థి మూడింటను 'ఫో' గురువు గదాయని దానినే నిలిపి పలుకును. 'రికార్డ్' అను మాట నామమైనచో మొదటి అక్షరమున, క్రియయైనచో రెండవ అక్షరమున ఊనిక పొందును. 'బనానా' యనుదానిలో మొదటి, చివరి అచ్చులు అస్పష్టముగా జారిపోవును; మనమో మూడింటికిని నిండు మాత్రల నిచ్చెదము. ప్రతి అక్షరమును స్పష్టముగా పలుకుట మంచి ఉచ్చారణమని తెలుగు బడిలో నేర్చిన సుగుణమే ఇచట ప్రతిబంధకమగుచున్నది.

ఛందస్సు నెరిగిన ఉపాధ్యాయునికి ఇందొక సాధనము కలదు. విద్యార్థిచే ముందు తెలుగు పదములకు గురులఘువులను గుర్తింపజేసి, పిదప ఆంగ్లపదములకు ఊనికను వేరొక చిహ్నముతో గుర్తింపజేసినచో, ఈ రెండును వేరను సంగతి అతనికి కంటికి కనబడును. ఊనిక గురుత్వము కాదని ఒకమారు గ్రహించినవాడు తన చెవిని సవరించుకొనగలడు.

4. వాక్యారంభమున మౌనము

తెలుగు విద్యార్థి ఆంగ్లమున మొదటి మాటయని ఆగిపోవుట పిరికితనమునకు గుర్తుగా ఎంచబడుచున్నది. వాక్యనిర్మాణమును పరిశీలించినచో వేరొక కారణము కనబడును. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. 'నేను నిన్న మా తమ్మునితో బజారునకు' అనువరకు పలికి, 'పోయితిని' అనవలెనో, 'పోలేదు' అనవలెనో, 'పోవలెననుకొంటిని' అనవలెనో ఆలోచించుకొనుటకు వ్యవధి కలదు. ఆంగ్లమున కర్తను చెప్పిన వెంటనే క్రియను చెప్పవలెను; కాలమును, వ్యతిరేకమును కూడ అచటనే నిర్ణయింపవలెను. మనము చివర చేయు నిర్ణయమును వారు మొదటనే చేయుదురు. విద్యార్థి మొదటి మాట పిదప ఆగుట ఈ మార్పిడి జరుగుచుండుటచేతనే.

కర్తను వెదకుటయందును కష్టము కలదు. 'నాకు ఆకలిగా ఉన్నది', 'నాకు ఆంగ్లము వచ్చును', 'నాకు ఇద్దరు తమ్ములు కలరు' అను వాక్యములలో మనిషి చతుర్థీవిభక్తిలో నున్నాడు. ఆంగ్లమున ఇట్టి వాక్యములన్నిటను అతడు కర్తయగును. ఒక్కొక్క దానికి వేరువేరు క్రియలును కావలెను. ఈ మూడు వాక్యములను ఒకచోట చేర్చి నేర్పు పాఠము మన పుస్తకములలో అరుదు.

కొన్ని తప్పులు హాస్యమునకు పాత్రమగుచున్నవి గాని వాని మూలము గౌరవింపదగినది. 'ఇక్కడే' యనునప్పటి అవధారణార్థకమగు ఏకారమునకు ఆంగ్లమున సరియగు ప్రత్యయము లేనందున 'హియర్ ఓన్లీ' యని చెప్పుచున్నారు. 'కదా' యను అవ్యయము కర్తనుబట్టి మారదు. కావున ప్రతి వాక్యము చివరను 'ఈజింట్ ఇట్' అను నొకే మాట చేరుచున్నది. 'వేడివేడి కాఫీ' యనుదాని ఆమ్రేడితమే 'హాట్ హాట్ కాఫీ' యగుచున్నది. ఇవి భారతీయుల మధ్య అర్థభంగము చేయవు.

అర్థభంగము చేయునది మరియొకటి కలదు. 'నీవు నిన్న రాలేదా?' యని అడిగినచో, రానివాడు 'అవును, రాలేదు' అని తెలుగున చెప్పవచ్చును. అడిగినవాని మాట నిజమని అంగీకరించుట ఆ 'అవును' తాత్పర్యము. ఆంగ్లమున రానివాడు 'నో' యనియే చెప్పవలెను. ఏలయన అచట సమాధానము జరిగిన విషయమును అనుసరించును గాని ప్రశ్నను అనుసరింపదు. విదేశమున వైద్యుడు 'మీకు జ్వరము రాలేదా?' యని ఆంగ్లమున అడిగినప్పుడు తెలుగు రోగి 'ఎస్' అని ఊరకున్నచో, జ్వరము వచ్చినదని వైద్యుడు వ్రాసికొనును. ఉచ్చారణమున దోషము లేదు, వ్యాకరణమున దోషము లేదు. అయినను వార్త తలక్రిందులైనది.

5. మర్యాద ఎచట నున్నది?

'ఆ పుస్తకము ఇవ్వండి' అనునప్పుడు తెలుగువాని మర్యాద అంతయు క్రియాంతమందలి 'అండి'లో ఇమిడియున్నది. దానిని మాటకు మాటగా ఆంగ్లమునకు మార్చినచో 'గివ్ దట్ బుక్' అగును. 'అండి'కి అచట చోటు లేదు. పలికినవాడు వినయముతోనే పలికెను. వినువానికి ఆజ్ఞగా వినబడెను. ఆంగ్లమున వినయము ప్రశ్నారూపమునను, 'ప్లీజ్', 'కుడ్ యూ' వంటి మాటలయందును ఉండును. ఈ స్థానభేదమును నేర్పనిచో విద్యార్థి మొరటువాడని అపకీర్తి పొందును. ఈ లోటును పూరించుటకే కాబోలు, మన విద్యార్థులు ప్రతి వాక్యమునకును 'సార్' అను మాటను చేర్చుచున్నారు. అది 'అండి'కి ఎరువు దెచ్చుకొన్న రూపము.

బంధువాచకముల సంగతియు ఇట్టిదే. మనము అపరిచితుని 'అన్నా' యనియు, పెద్దామెను 'అమ్మా' యనియు పిలుతుము. సైదాబాదు వీధులలో దక్కనీ మాట్లాడువారు 'భాయ్' అనియు, 'ఖాలా' యనియు పిలుతురు. వియత్నామీయులు మరియొక అడుగు ముందున్నారు. అన్న, అక్క, తమ్ముడు అను అర్థముగల పదములనే వారు 'నేను', 'నీవు' అను సర్వనామములకు బదులుగా వాడుదురు. ఇట్టి భాషలవారికి ఆంగ్లమందలి 'యూ' అను నొక్క మాటతో గురువును, మిత్రుని, బాలుని సంబోధించుట సంకోచము కలిగించును. పెద్దలయెదుట విద్యార్థి ఆంగ్లమున మౌనము వహించుటకు ఇదియు నొక కారణము. ఆ మౌనము భాషరాకపోవుట వలన మాత్రమే కాదు. తగిన మాట దొరకకపోవుట వలన కూడ కలుగును.

6. దేనిని ముందు సవరింపవలెను?

అన్ని తప్పులను ఒక్కమారు సవరింప బూనినచో విద్యార్థి నోరు మెదపడు. కావున ఏది వినువారి గ్రహణమునకు భంగకరమో దానిని ముందు ఎన్నుకొనవలెను. ఈ దృష్టితో హైదరాబాదు సంస్థ నుండియే ఆర్. కె. బన్సల్ గ్రంథము 1969లో వెలువడినది. భారతీయుల ఆంగ్లము బ్రిటిషు శ్రోతలకు సగటున సుమారు 70 శాతము బోధపడెననియు, భంగమునకు పదములందలి ఊనిక తప్పుట ఒక ముఖ్యకారణమనియు ఆయన తేల్చెను. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ ఆంగ్లము మాతృభాష కానివారు పరస్పరము మాట్లాడుకొను సందర్భములను పరిశీలించి, 'థింక్' అను మాటలోని మొదటి ధ్వనిని ఇతరరీతిగా పలికినను అర్థభంగము కలుగదని చెప్పెను. పదమునందలి ఊనిక విషయమున ఆమె అభిప్రాయము బన్సల్ అభిప్రాయము కంటె భిన్నము. అయినను వాక్యమున ప్రధానపదమును ఊని పలుకుట ఆవశ్యకమని ఆమెయు అంగీకరించినది.

దీనినిబట్టి తెలుగు విద్యార్థికి ఒక క్రమమును సూచింపవచ్చును. ఊనిక, వ్యతిరేక ప్రశ్నలకు సమాధానము, మర్యాదావాక్యములు మొదటి పంక్తికి చెందినవి. పదాంతమున అచ్చును చేర్చుట, 'కాట్' వంటి మాటలలో అచ్చుల భేదము రెండవ పంక్తికి చెందినవి. 'యెగ్', 'హియర్ ఓన్లీ' వంటివానిని పిదప చూడవచ్చును. వీనిని పట్టుకొని తరగతిలో నవ్వుట మాత్రము ఏ దశయందును తగదు.

సవరించునప్పుడు విద్యార్థి పలుకుబడియందే సాధనమును వెదకవలెను. 'వస్తవ్', 'పోతవ్' వంటి హలంతరూపములు సైదాబాదు తెలుగున నిత్యము వినబడును. గ్రంథభాష అజంతమైనను, ఈ వాడుక హల్లుతో ముగియుట నెరుగును. 'వస్తవ్' అని అప్రయత్నముగా పలుకు బాలునికి 'బస్', 'గివ్' అనుట రాదనుట సరికాదు. అతనికి వచ్చునని చూపినచో చాలును. అట్లే 'జల్లెడ' యనునప్పుడు పలుకు దంత్యజకారమును ఆరంభముగా గ్రహించి, నాలుకను పంటికి తాకనీయక పలికించినచో 'జూ' యందలి ఊష్మధ్వని దొరకును. 'జీరో' యందు ఇకారము పరమగుటచే తెలుగు నాలుక తాలవ్యజకారమును పలుకజూచును గాన, దానిని తరువాత నేర్పవలెను. 'వచ్చాడు' అనుదానిలో పెక్కుమంది నోట వినబడు వివృతమైన దీర్ఘాచ్చు 'బ్యాంక్', 'క్యాట్' అనువానికి దారి చూపును. ఇంటి పలుకును చిన్నచూపు చూచు బోధకునికి ఈ సాధనములేవియు దొరకవు.

7. తెలుగు శాఖల కర్తవ్యము

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, లిపి లేని సవరభాషను వారినోట విని నేర్చి, దాని లక్షణములను తెలుపు గ్రంథమును రచించెను. అది 1931లో మద్రాసున ముద్రితమైనది. వ్యాకరణము వ్రాతనుండియే కాక వినికిడినుండియు పుట్టునని నిరూపించిన ఆ మార్గము మన శాఖలకు వారసత్వముగా వచ్చినది. 1962 నుండి ఉస్మానియాలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి నడపిన భాషాశాస్త్రశాఖ ఆ మార్గమునకు శాస్త్రీయ పరికరములను సమకూర్చినది. ఆంగ్లబోధన సంస్థ దాని పొరుగుననే కలదు. ఈ రెండు సంప్రదాయములును ఒకే తరగతిగదిలో కలిసికొనుట మాత్రము అరుదు.

పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పనులు పెక్కు కలవు. తెలంగాణ, రాయలసీమ, కోస్తా మాండలికముల వారు ఆంగ్లపదములను పలుకు రీతులను వేరువేరుగా సేకరింపవలెను. దక్కనీ, తెలుగు రెండును ఇంట వినుచు పెరిగిన పిల్లలు ఏ భాష నియమమును ఆంగ్లమునకు కొనిపోవుదురో పరిశీలింపవలెను. ద్విభాషా పాఠ్యపుస్తకముల ఎదురెదురు పుటలు వాక్యనిర్మాణ భేదమును చూపుటకు సిద్ధముగా నున్న సామగ్రి. వానిని అర్థమునకై మాత్రమే కాక, క్రియాస్థానమును పోల్చుటకును వినియోగింపవచ్చును. తరగతిలో విద్యార్థి ముందు తెలుగున సమాధానము చెప్పి, అందలి క్రియను గుర్తించి, పిదప ఆంగ్లమున చెప్పు అభ్యాసమునకు ఖర్చు లేదు. కాలము మాత్రము కావలెను.

మాతృభాష విడిచిననే గాని పరభాష రాదను అభిప్రాయము లోకమున ప్రబలియున్నది. పైన చూపిన ఉదాహరణములు దానికి వ్యతిరేకముగా నున్నవి. తెలుగు నియమము తెలియనివాడు ఆ నియమమునకు దాసుడై ఆంగ్లమున తప్పుచున్నాడు. అది తెలిసినవాడు దానిని తెలుగునందే నిలిపి, ఆంగ్లమున ఆంగ్లనియమమును పాటింపగలడు. విద్యార్థికి ఆ తెలివిడిని కలిగించుట తెలుగు ఉపాధ్యాయుని చేతిలోని పని. మౌఖిక పరీక్షలో నోరు పెగలక వెనుదిరుగు విద్యార్థి మన తరగతులలో తెలుగు వ్యాకరణము చదివినవాడే. ఆ వ్యాకరణము అతనికి సంధులను విడదీయుటకే కాక, నోరు విప్పుటకును ఉపకరింపవలెను.